పదమూడు కిలోల ఇనుముతో యుద్ధం: స్పీడీ అనే చిన్న ఓడకు అసలు పని ఏమిటి?

స్పీడీ అనే బ్రిటిష్ యుద్ధనౌకకు ఒక్కో పక్క ఏడు ఫిరంగులుండేవి. ఒక్కో గుండు బరువు నాలుగు పౌన్లు. ఏడింటినీ ఒకేసారి పేలిస్తే శత్రువు మీద పడే ఇనుము మొత్తం 28 పౌన్లు, అంటే పదమూడు కిలోల లోపే. పాతిక కిలోల బియ్యం బస్తాలో సగమన్నమాట. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఎక్కిన విక్టరీ అనే ఓడ ఒక్క విడతలో 1,100 పౌన్ల పైచిలుకు ఇనుము విసిరేది. స్పీడీ ఒక పక్క గుళ్ళన్నీ కోటు జేబుల్లో వేసుకుని డెక్ మీద పచార్లు చేశానని ఆ ఓడ కెప్టెన్ థామస్ కోక్రేన్ ముసలితనంలో రాసుకున్నాడు.

ఇలాంటి ఓడ 1800 వేసవి నుంచి 1801 వేసవి దాకా, పదమూడు నెలల్లో, యాభైకి పైగా ఓడల్ని పట్టుకుంది. కోక్రేన్ లెక్క ప్రకారం 122 ఫిరంగులు, 534 మంది ఖైదీలు. అందులో ఒక ఓడ తన కంటే మూడింతలు పెద్దది, ఆరింతల జనం ఉన్నది. ఆ ఒక్కరోజు పోరాటాన్ని ఇంగ్లిష్ వాళ్ళు రెండు వందల ఏళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నారు. వినడానికి భలేగా ఉంటుంది. కానీ అసలు ప్రశ్న అక్కడే ఉండిపోతుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళం ఇంత బక్క ఓడను యుద్ధానికి ఎందుకు పంపింది? దాని మీద ఉన్నవాళ్ళు ప్రాణాలకు తెగించి ఎందుకు పోరాడారు? ఆ రోజు గెలుపు కంటే వాళ్ళకు ఎక్కువ లాభం తెచ్చినవి, ఎవరూ కథలుగా చెప్పుకోని పనులే. పైగా ఆ గెలుపుకు ప్రతిఫలం అడిగినందుకే కెప్టెన్‌కు పైవాళ్ళతో చెడింది.

నౌకాదళం లెక్కలో స్పీడీ ఒక స్లూప్. ముందు స్లూప్ అంటే ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తికమకపడతారు. మామూలు పడవల లెక్కలో స్లూప్‌కు ఒకటే తెరచాప స్తంభం ఉంటుంది. స్పీడీకి రెండున్నాయి, అంటే అది బ్రిగ్. అదే కాలంలో మూడు స్తంభాల స్లూప్‌లు కూడా ఉన్నాయి. బ్రిటిష్ నౌకాదళం లెక్క వేరు. వాళ్ళు యుద్ధనౌకల్ని ఆరు తరగతులు చేశారు. మొదటి తరగతి అంటే వంద ఫిరంగులు, ఆ పైన. ఆరో తరగతి సుమారు ఇరవైతో మొదలు. అంతకంటే చిన్నవి ఏ తరగతికీ చెందవు. ఆ తరగతి లేని ఓడల్లో కమాండర్ హోదా ఉన్న అధికారి నడిపేది స్లూప్. లెఫ్టినెంట్ నడిపితే అది ఇంకా కింది రకం. అంటే ఓడ ఆకారాన్ని బట్టి కాక, అందులో కూర్చునే అధికారి హోదాను బట్టి పెట్టిన లెక్క ఇది. మన ఆఫీసుల్లో గది పెద్దదా చిన్నదా అని చూడరు, అందులో ఏ కేడర్ ఆఫీసరు కూర్చుంటాడో చూస్తారు.

ఈ కేడర్ గొడవ ముందు ముందు మనకు బాగా పనికొస్తుంది. లెఫ్టినెంట్‌కు, పూర్తిస్థాయి కెప్టెన్‌కు మధ్య మెట్టు కమాండర్. ఓడ నడిపేవాణ్ణి మాటవరసకు కెప్టెన్ అన్నా, స్పీడీలో కోక్రేన్ అసలు హోదా ఇదే. ఒకసారి పూర్తి కెప్టెన్ అయ్యాక ఇక టెన్షన్ లేదు. సీనియారిటీ జాబితాలో పేరెక్కుతుంది, పైవాళ్ళు పోయేకొద్దీ పైకి జరుగుతుంది, బతికుంటే అడ్మిరల్ అవుతాడు. కమాండర్‌కు ఆ భరోసా లేదు. ఎవరి సిఫారసూ లేకపోతే, ఏ ఘనకార్యమూ చెయ్యకపోతే ఆ మెట్టు మీదే జుట్టు నెరిసిపోతుంది. కాబట్టి స్లూప్ నడిపే ప్రతి అధికారీ ఏదో ఒకటి చేసి, నౌకాదళాన్ని నడిపే అడ్మిరాల్టీ కంట్లో పడాలని చూసేవాడు. ఆ ఓడల దూకుడులో కొంత దేశభక్తి, చాలావరకు ప్రమోషన్ ఆరాటం.

స్పీడీ 1782లో డోవర్‌లో నీటిలోకి దిగింది. పొడవు 78 అడుగులు, వెడల్పు పాతికడుగుల పైన కాస్త. అందులో తొంభై మంది. అప్పటికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం చివరికొచ్చింది. దాని అసలు జీవితం 1793లో విప్లవ ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలయ్యాకే. మధ్యధరా సముద్రానికి పంపారు. 1794లో నీస్ దగ్గర కెప్టెన్ జార్జ్ ఐర్ ఫ్రెంచ్ ఓడల్ని తమవాళ్ళవనుకుని దగ్గరికెళ్ళి చిక్కిపోయాడు. మరుసటి ఏడాది మార్చిలో ఇన్‌కాన్‌స్టంట్ అనే బ్రిటిష్ ఫ్రిగేట్ (స్లూప్ కంటే పెద్దదైన, వేగంగా పోయే యుద్ధనౌక) దాన్ని మళ్ళీ పట్టి తెచ్చింది. ఆ రోజుల్లో ఓడలిలా చేతులు మారడం మామూలే. పట్టిన ఓడకు పేరైనా మార్చకుండా వాడుకున్న సందర్భాలు బోలెడు.

1796లో స్పెయిన్ ఫ్రాన్స్ పక్షాన చేరింది. ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉన్న బ్రిటిష్ ఓడ ప్రధానంగా స్పానిష్ తీరం మీద ఎందుకు పడిందన్న అనుమానానికి జవాబు ఇదే. 1798 చివర్లో బ్రిటన్ మినోర్కా ద్వీపాన్ని పట్టుకుంది. అక్కడి మహోన్ రేవు మధ్యధరాలోనే మంచి రేవుల్లో ఒకటి. బార్సిలోనా నుంచి ఒకట్రెండు రోజుల ప్రయాణం. స్పీడీకి అదే ఇల్లయింది.

మరి పని ఏమిటి? ముఖ్యంగా కాపలా. బ్రిటన్ యుద్ధం నడిపింది వ్యాపారం డబ్బుతో. ఆ వ్యాపారం సముద్రం మీద. దాన్ని దోచుకోవడానికి ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రైవేటు ఓడలకు లైసెన్సులిచ్చేది. వాటిని ప్రైవేటీర్లంటారు. చిన్నవి, చురుకైనవి, ఏ మూల నుంచి వస్తాయో తెలియనివి. వాటి వెనక 74 ఫిరంగుల ఓడను పంపడం దండగ. అంత పెద్ద ఓడలు శత్రువు ప్రధాన నౌకాదళాన్ని రేవుల్లో బంధించి ఉంచాలి. ప్రైవేటీర్‌ని తరిమే పని స్లూప్‌దే. 1798లో బ్రిటన్ చట్టమే చేసింది. కొన్ని మినహాయింపులు పోను, విదేశాలతో వర్తకం చేసే బ్రిటిష్ ఓడలు కాన్వాయ్‌లో (కాపలా ఓడల వెంట గుంపుగా) తప్ప ఒంటరిగా కదలకూడదని. ఇక ప్రతి రేవులోనూ కాన్వాయ్‌లు, ప్రతి కాన్వాయ్‌కీ కాపలా ఓడలు. స్లూప్‌లు ఎన్ని కట్టినా చాలలేదు. క్రూయిజర్ అనే ఒక్క నమూనా మీదే వందకు పైగా బ్రిగ్ స్లూప్‌లు కట్టారు. వాటికి స్కాట్లాండ్‌లోని కరోన్ కంపెనీ పోతపోసిన పొట్టి ఫిరంగులు, కరోనేడ్లు, పెట్టారు. దూరం పోవు గానీ దగ్గర్లో నాశనం చేస్తాయి. ఆ ఓడ ఒక విడతలో 262 పౌన్లు విసిరేది. స్పీడీ 28 పౌన్లను దీని పక్కన పెట్టి చూస్తే అది అప్పటికే ఎంత పాతబడిపోయిందో తెలుస్తుంది.

కాన్వాయ్ కాపలా అంటే ఎంత విసుగో ఊహించుకోవచ్చు. వర్తకపు ఓడల్లో అన్నిటికంటే నత్తనడకది ఏదో, గుంపంతా ఆ వేగంతోనే పోవాలి. రాత్రిపూట వెనకబడ్డవాటిని వెతకాలి, తెల్లారాక లెక్కపెట్టుకోవాలి. సంకేత జెండాలు ఎగరేస్తే చూసేవాడుండడు. ఇంత చేసినా, ఒక్క ఓడ పోయిందంటే నింద కాపలావాడి మీద. అన్నీ క్షేమంగా చేరితే మాత్రం పత్రికలో ఒక్క ముక్క ఉండదు. కోక్రేన్‌కు ముందు స్పీడీని నడిపిన జాలీల్ బ్రెంటన్ 1799 నవంబరులో జిబ్రాల్టర్ దగ్గర రెండంటే రెండు ఓడల్ని కాపాడుతూ పన్నెండు స్పానిష్ గన్‌బోట్లతో (ఫిరంగి మోసే చిన్న పడవలతో) తలపడ్డాడు. రెండు ఓడలూ దక్కాయి. నా దృష్టిలో స్పీడీ చేసిన పోరాటాల్లో దానికి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వలేదు. స్లూప్ ఎందుకు పుట్టిందో ఆ పని అది ఆ రోజు చేసింది. తర్వాత ఆయనకు పదోన్నతి వచ్చింది. ఖాళీ అయిన చోటుకు 1800 వసంతంలో కోక్రేన్ వచ్చాడు.

కోక్రేన్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. స్కాట్లాండ్‌లో డన్‌డొనాల్డ్ అనే ప్రభువంశానికి పెద్ద కొడుకు. పేరుకే ప్రభువులు. తండ్రి బొగ్గు నుంచి తారు తీసే ప్రయోగాలకు ఆస్తంతా ఊడ్చిపెట్టాడు. కొడుక్కు దక్కేది బిరుదు తప్ప పైసా లేదు. నౌకాదళంలో బాబాయి ఒకరుండడం వల్ల ఎక్కి వచ్చాడు. తెలివైనవాడు, మొండివాడు, పైఅధికారులతో ఏనాడూ పడనివాడు. డబ్బు మీద ఆశ దాచుకునే రకం కూడా కాదు.

మనిషి ఆరడుగుల పైన. స్పీడీ కెప్టెన్ గది ఎత్తు అయిదడుగులు. గడ్డం గీసుకోవాలంటే పైకప్పులో వెలుతురు కోసం పెట్టిన కిటికీ తెరిచి తల బయటికి పెట్టి, డెక్‌నే బల్లగా చేసుకుని సబ్బూ కత్తీ దాని మీద పెట్టుకునేవాడు. ఓడను మెరుగుపరుద్దామని ముందూ వెనకా వాడేందుకు పన్నెండు పౌన్ల ఫిరంగులు రెండు అడిగి తెప్పించాడు. అవి పేలుస్తుంటే చెక్కలు తట్టుకోలేవని తేలి తిరిగిచ్చేశాడు. కానీ తెరచాప విషయంలో మాత్రం తన పంతం నెగ్గించుకున్నాడు. అంతకుముందే బ్రిటిష్ వాళ్ళు పట్టుకున్న జెనరూ అనే పెద్ద ఫ్రెంచ్ ఓడను మహోన్‌కు చేర్చింది కోక్రేనే. దాని పై తెరచాపకు కట్టే అడ్డకొయ్యను స్పీడీ ప్రధాన తెరచాపకు తగిలించాడు. పెద్ద ఓడలో అన్నిటికంటే చిన్న కొయ్యల్లో ఒకటి స్పీడీకి మహా పెద్దదైంది. ఇంత పొడవు రూల్ ప్రకారం కుదరదు, కోయించమన్నారు. కొసలు కొత్తగా కోసినట్టు కనబడేలా చిత్రిక పట్టించి, అదే కొయ్యను మళ్ళీ ఎక్కించేశాడు.

ఇవన్నీ ఆయన చెప్పినవే అని గుర్తు పెట్టుకోవాలి. ఎనభై దాటాక, ఇంకొకరి సాయంతో రాయించిన జ్ఞాపకాలవి. తన గొప్ప కొంచెం ఎక్కువ చేసుకోవడం ఆయనకు అలవాటు. ఓడ 158 టన్నులని రాశాడు. నౌకాదళం లెక్కల్లో 200 దాటింది. అయితే ముఖ్యమైన సంగతులు అధికారిక నివేదికల్లోనూ ఉన్నాయి కాబట్టి కథ మొత్తం కొట్టిపారేయలేం.

ఇప్పుడు డబ్బు సంగతి. దీన్ని వదిలేస్తే స్లూప్ సేవ అర్థం కాదు. పట్టుకున్న శత్రు ఓడను, సరుకును కోర్టు ఆమోదించాక అమ్మి ఆ సొమ్మును పట్టుకున్నవాళ్ళకే పంచేవారు. ప్రైజ్ మనీ అంటారు. 1808 వరకు ఎనిమిది వాటాలు. మూడు కెప్టెన్‌వి, అందులో ఒకటి ఆయనకు ఆజ్ఞలిచ్చే అడ్మిరల్‌కు పోతుంది, ఆ అడ్మిరల్ నూరు మైళ్ళ దూరంలో నిద్రపోతున్నా సరే. లెఫ్టినెంట్లకు, మాస్టర్‌కు కలిపి ఒకటి. తర్వాతి మెట్టు అధికారులకు ఒకటి, ఇంకో మెట్టుకు ఒకటి. మిగిలిన రెండు వాటాలు నావికులందరికీ. ఉదాహరణకు ఖర్చులు పోను 800 పౌండ్లు మిగిలే వర్తకపు ఓడ దొరికిందనుకుందాం. కెప్టెన్‌కు 200, అడ్మిరల్‌కు 100. డెబ్బై మంది నావికులు కలిసి 200 పంచుకుంటే తలా మూడు పౌండ్లకు కాస్త తక్కువ. తక్కువేనా? 1797లో నావికులు తిరగబడి జీతం పెంచుకున్నాక కూడా పని తెలిసిన నావికుడి నెల జీతం ఒకటిన్నర పౌండు లోపే. అంటే ఒక్క మధ్యాహ్నం వేటతో రెండు నెలల జీతం. పైగా అదే వాటా 600 మంది ఉన్న పెద్ద ఓడలో అయితే ఏ మూలకూ రాదు. చిన్న ఓడలో పంచుకునే నోళ్ళు తక్కువ.

అందుకే నావికులను బలవంతంగా పట్టుకొచ్చి ఎక్కించే ఆ కాలంలో, అదృష్టవంతుడని పేరుపడ్డ కెప్టెన్ వెంట జనం తమంతట తామే వచ్చేవాళ్ళు. 1800 మే 10న, సార్డీనియా నుంచి ఇటలీలోని లివోర్నోకు పద్నాలుగు ఓడల కాన్వాయ్‌ని తీసుకెళ్తూ కోక్రేన్ తన మొదటి వేట కొట్టాడు. ఆరు ఫిరంగులు, 48 మంది ఉన్న ఇంట్రెపీడ్ అనే ఫ్రెంచ్ ప్రైవేటీర్ అది. ఆ తర్వాత కాన్వాయ్ పని లేనప్పుడల్లా స్పానిష్ తీరం వెంబడి తిరుగుడే. పద్ధతి తేలికే. పగలు తీరానికి కనబడనంత దూరంలో ఉండడం, చీకటి పడ్డాక దగ్గరికి జరగడం, తెల్లవారుజామున రేవు నుంచి కదిలే సరుకు పడవల్ని పట్టడం.

దీని వల్ల దొరికింది సరుకొక్కటే అనుకుంటే పొరపాటు. ఒక్క స్పీడీ భయానికి స్పెయిన్ తీరంలో గన్‌బోట్లు పెట్టాల్సొచ్చింది, కోట ఫిరంగులకు మనుషుల్ని పెట్టాల్సొచ్చింది, పెద్ద ఓడల్ని గాలింపుకు పంపాల్సొచ్చింది. స్పీడీ పోతే బ్రిటన్‌కు పోయేది తొంభై మంది, ఒక పాత బ్రిగ్. దాని కోసం స్పెయిన్ పెట్టిన ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. అడ్మిరాల్టీ ఆలోచన అంత కర్కశంగా ఉండేది.

1800 డిసెంబరులో అలా స్పీడీ కోసం వచ్చిన ఓడే ఒకటి తగిలింది. వర్తకపు ఓడలా వేషం వేసుకున్న స్పానిష్ యుద్ధనౌక. కోక్రేన్ తన ఓడకు ముందే డెన్మార్క్ ఓడ రంగు వేయించి, డేనిష్ మాట్లాడే మనిషికి ఆ దేశపు ఆఫీసరు యూనిఫాం తొడిగి ఉంచాడు. స్పానిష్ పడవ తనిఖీకి వస్తుంటే పసుపు జెండా ఎగరేయించాడు. అది రోగం ఉందన్న గుర్తు. ఉత్తర ఆఫ్రికా రేవు నుంచి వస్తున్నాం, అక్కడ ప్లేగు ఉంది అన్నారు. పడవ ఆమడ దూరం నుంచే వెనక్కి తిరిగింది. ఆ కాలపు యుద్ధ నియమాల్లో దొంగ జెండా తప్పు కాదు. కాల్చే ముందు అసలు జెండా ఎగరేస్తే చాలు. కానీ ప్రాణాలు దక్కినందుకు స్పీడీ మనుషులు సంతోషించలేదు. అంత పెద్ద ఓడను ఊరికే పోనిచ్చావని గొణిగారట. మార్చిలో ఇంకో ఫ్రిగేట్ రాత్రంతా తరిమితే ఒక తొట్టిలో లాంతరు వెలిగించి నీటిలోకి వదిలి, తమ దీపాలార్పేసి దారి మార్చాడు. ఫ్రిగేట్ తొట్టి వెంట పోయింది.

ఇక 1801 మే 6. బార్సిలోనా దగ్గర ఎల్ గామో అనే స్పానిష్ ఓడ ఎదురైంది. 32 ఫిరంగులు, 319 మంది. పట్టిన ఓడల్ని మహోన్‌కు నడిపించుకెళ్ళడానికి మనుషుల్ని పంపేయడంతో స్పీడీలో మిగిలింది 54 మంది. పారిపోవాలన్నా గాలి, దూరం రెండూ కుదరలేదేమో గానీ, కోక్రేన్ పారిపోయే ఆలోచనే చెయ్యలేదు. అమెరికా జెండా ఎగరేసి కాసేపు అనుమానంలో ఉంచాడు. కావలసిన వైపుకు తిరిగాక బ్రిటిష్ జెండా ఎగరేశాడు. గామో రెండుసార్లు కాల్చినా కోక్రేన్ తన ఫిరంగుల్ని ముట్టుకోనివ్వలేదు. నాలుగు పౌన్ల గుళ్ళు దూరం నుంచి కొడితే చెక్క మీద గీతలు పడతాయి, అంతే. ఒక్కో ఫిరంగిలో మూడేసి గుళ్ళు దట్టించి, మూతులు పైకెత్తించి, ఓడను తిన్నగా గామో పక్కకే తోలాడు. స్పీడీ అడ్డకొయ్యలు గామో తాళ్ళలో చిక్కుకునేంత దగ్గరికి.

ఇక్కడ ఎత్తు తేడా పని చేసింది. గామో డెక్ ఎత్తు. దాని ఫిరంగుల్ని ఎంత కిందికి వంచినా గుళ్ళు స్పీడీ మనుషుల తలల మీదుగా పోయి తెరచాపల్ని చించాయి. స్పీడీ గుళ్ళు కింది నుంచి పైకి గామో డెక్‌ను చీల్చుకుంటూ వచ్చాయి. స్పానిష్ కెప్టెన్ ఫ్రాన్సిస్కో దె తోరెస్ మొదటి విడతలోనే పోయాడు. స్పెయిన్ వాళ్ళు తమ జనబలంతో స్పీడీ మీదికి దూకబోయారు. ఆ ఆజ్ఞ చెవిన పడగానే కోక్రేన్ ఓడను కొంచెం ఎడంగా జరిపించి, గుమిగూడినవాళ్ళ మీద తుపాకులతో కాల్పించి, మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. మూడుసార్లు ఇదే తంతు.

కానీ ఇలా ఎంతసేపు? తాళ్ళు తెగిపోతున్నాయి, కాసేపయితే స్పీడీ కదలలేదు. అప్పుడు డాక్టర్ గత్రీ చేతికి చుక్కాని ఇచ్చి, ఓడలో పనిచేసే కుర్రాళ్ళతో సహా మిగిలినవాళ్ళందరినీ తీసుకుని గామో ఎక్కేశాడు. కొంతమందికి ముందే ముఖాలకు మసి పూయించాడు. వాళ్ళు ముందు వైపు నుంచి పొగలోంచి లేచివస్తుంటే స్పెయిన్ వాళ్ళు ఒక్క క్షణం బిత్తరపోయారు. నడుమ పోరు జోరుగా ఉండగా కోక్రేన్ కిందికి వంగి, ఇంకో యాభై మందిని పంపమని డాక్టర్‌కు కేకేశాడు. ఓడలో ఉన్నది డాక్టర్ ఒక్కడే. సరేనని జవాబొచ్చింది. ఈలోగా ఒకడు గామో జెండా దించేశాడు. తమ అధికారులే లొంగిపోయారనుకుని స్పెయిన్ వాళ్ళు ఆయుధాలు పడేశారు. అటువైపు కెప్టెన్‌తో కలిపి 15 మంది చనిపోయారు, 41 మంది గాయపడ్డారు. స్పీడీ వైపు ముగ్గురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. వాళ్ళలో లెఫ్టినెంట్ పార్కర్ గాయాలు తీవ్రమైనవి.

గాయపడని ఖైదీలే 263 మంది. వాళ్ళను ఓడ అడుగుకు తోలి, మెట్ల దారికి ఎదురుగా ఫిరంగులు గురిపెట్టించి, శిక్షణలో ఉన్న కుర్ర అధికారి (మిడ్‌షిప్‌మన్) అయిన కోక్రేన్ తమ్ముడు ఆర్చిబాల్డ్ ముప్పై మందితో ఆ ఓడను మహోన్ చేర్చాడు. లొంగిపోయిన ఓడలో మిగిలిన పెద్ద అధికారి వచ్చి, తాను విధి సరిగ్గా నిర్వర్తించినట్టు ఒక సర్టిఫికెట్ రాసిమ్మని కోక్రేన్‌ను అడిగాడట. అచ్చమైన స్పెయిన్ వాడిలా ప్రవర్తించాడని రాసిచ్చాడు. దాన్ని చూపించి ఆయన ప్రమోషన్ కొట్టాడని తర్వాత కోక్రేన్ విన్నాడు.

స్పెయిన్ అధికారికి వచ్చిన ప్రమోషన్ కోక్రేన్‌కు అంత తొందరగా రాలేదు. గామో లాంటి ఓడను నౌకాదళం కొనుక్కుంటే స్పీడీ వాళ్ళకు మంచి సొమ్ము దక్కేది. కొనలేదు. ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ పాలకుడికి చవకగా అమ్మేశారు. కూరగాయల పడవలు, మద్యం పీపాలు తెచ్చినంత నికరమైన లాభం ఆ మహా విజయం తేలేదు. పార్కర్‌కు పదోన్నతి ఇమ్మని కోక్రేన్ రాస్తే, అడ్మిరాల్టీ అధిపతి సెయింట్ విన్సెంట్ ప్రభువు కుదరదన్నాడు. స్పీడీలో చనిపోయింది ముగ్గురే, అంత తక్కువ నష్టానికి పదోన్నతి ఇవ్వలేం అని కారణం చెప్పాడు. ప్రాణనష్టం ఎంత ఎక్కువైతే పోరాటం అంత గొప్పదని లెక్కగట్టే రోజులవి. మన కథానాయకుడు ఊరుకుంటాడా? ప్రభువుగారికి ఆ బిరుదు తెచ్చిపెట్టిన సెయింట్ విన్సెంట్ అగ్రం యుద్ధంలో వారి సొంత ఓడలో చనిపోయింది ఒక్కడే కదా అని ఎత్తిపొడిచాడు. మాట నిజమే. 1797లో విక్టరీ మీద పోయింది ఒక్కడే. కానీ ఉన్న ఒక్క పెద్దాయనకు ఆ మాట రాసి పంపాక ఎదుగుదల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. గెలవడం తెలిసినంతగా ఎక్కడ ఆగాలో ఆయనకు తెలియదు. పదేళ్ళ తర్వాత పార్లమెంటు సభ్యుడిగా మాల్టా ప్రైజ్ కోర్టు ఫీజుల బిల్లును కాగితాలంటించి సభలో నేల మీద పొడుగ్గా దొర్లించి చూపించాడు. పట్టిన ఓడ విలువంతా లాయర్ల ఫీజులకే పోతోందని ఆయన ఫిర్యాదు. అదీ నిజమే.

గామోను పట్టిన స్పీడీని తర్వాత పంపింది టపా పడవకు తోడుగా. మహోన్ నుంచి జిబ్రాల్టర్‌కు ఉత్తరాలు తీసుకెళ్ళే ఆ పడవ ఎంత నెమ్మదంటే, ఉత్తరాల సంచుల్ని స్పీడీలో పెట్టి, చేరే ముందు పడవకు అప్పగించమన్నారని కోక్రేన్ విసుక్కున్నాడు. దారిలో ఆలికాంటె దగ్గర నూనె తెచ్చే ఓడలు ఒడ్డుకెక్కితే, ఆగి దించుకునే తీరిక లేక తగలబెట్టాడు. రాత్రంతా మంట. ఆ వెలుగు చూసి వచ్చింది అడ్మిరల్ లినోయ్ నడుపుతున్న ఫ్రెంచ్ దళం. 80 ఫిరంగులవి రెండు, 74 ఫిరంగులది ఒకటి, ఒక ఫ్రిగేట్. 1801 జూలై 3న స్పీడీ వాటి నడుమ అడకత్తెరలో పోకచెక్క అయింది. బరువు తగ్గించడానికి ఆ బుల్లి ఫిరంగుల్ని సముద్రంలో పారేసి గంటల తరబడి అటూ ఇటూ తప్పించుకుంది. చివరికి డెసే అనే ఓడ దగ్గరికొచ్చి తాళ్ళూ తెరచాపలూ తెంపేశాక జెండా దించక తప్పలేదు. కోక్రేన్ ఇవ్వబోయిన కత్తిని డెసే కెప్టెన్ క్రిస్తీ పాలియేర్ తీసుకోలేదు. ఇంతసేపు అసాధ్యంతో పోరాడినవాడి కత్తి నేను తీసుకోనన్నాడు.

మూడు రోజులకు ఆల్హెసిరాస్ దగ్గర బ్రిటిష్ దళం లినోయ్ మీద పడింది. కోక్రేన్ ఖైదీగా డెసేలోనే ఉండి ఆ యుద్ధం చూశాడు. ఆ తర్వాత ఖైదీల మార్పిడిలో విడుదలై, ఓడ పోగొట్టుకున్న ప్రతి కెప్టెన్‌లాగే కోర్ట్ మార్షల్ ముందు నిలబడ్డాడు. జూలై 18న నిర్దోషి అన్నారు. పూర్తి కెప్టెన్ హోదా ఆగస్టు 8 తేదీతో వచ్చింది, స్పీడీ చేతిలో లేకుండా పోయాక. ఓడను మరుసటి ఏడాది నెపోలియన్ పోపుకు బహుమతిగా పంపాడు. పోపు నౌకాదళంలో కొన్నేళ్ళుండి అక్కడే ముగిసింది.

లినోయ్ మాత్రం మన తీరానికొచ్చాడు. యుద్ధం మళ్ళీ మొదలయ్యాక హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ వర్తకాన్ని దోచే పని మీద పంపారు. 1804 సెప్టెంబరు 15న మారెంగో అనే 74 ఫిరంగుల ఓడ, రెండు ఫ్రిగేట్లతో విశాఖపట్నం ముందు తేలాడు. అక్కడ రెండు వర్తకపు ఓడలు సరుకెక్కించుకుంటున్నాయి. కాపలాగా ఉన్నది సెంచూరియన్, 50 ఫిరంగుల పాత ఓడ. స్లూప్ కంటే పెద్దదే గానీ, చేస్తున్నది స్పీడీ చేసిన పనే. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. ఓడను ఫస్ట్ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో పెట్టి వెళ్ళాడు. కాల్పులు మొదలయ్యాక లిండ్ పడవ మీద తిరిగి ఓడ చేరాడు. తెరచాపలు చిరిగి తాళ్ళు తెగినా సెంచూరియన్ లొంగలేదు. లినోయ్ దాన్ని వదిలేసి వెళ్ళిపోయాడు. వర్తకపు ఓడల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివాళ్ళు తోలుకుపోయారు.